దార్ ఎస్ సలాంలో జాబ్‌కి వస్తున్నారా? స్వాహిలిలో ముందు పలకరింపుకి జవాబు చెప్పడం నేర్చుకోండి

మీరు అడిగింది ఇది: వచ్చే నెల టాంజానియాలో దార్ ఎస్ సలాంలో ఒక ట్రేడింగ్ కంపెనీలో అకౌంట్స్ జాబ్‌లో చేరుతున్నారు, "ఆఫ్రికన్ లాంగ్వేజ్‌లో హలో, థాంక్యూ, ఎంత లాంటి ఓ ఇరవై మాటలు చెప్పండి, మిగతాది ఇంగ్లీషుతో లాగించేస్తా, జంబో, హకున మతాత ఎలాగూ తెలుసు" అని. నేను ఇక్కడ కరియకో మార్కెట్ దగ్గర మందుల షాపు నడుపుతున్నా, పొద్దున తలుపు తీసిన దగ్గర్నుంచి రాత్రి మూసేదాకా కౌంటర్ మీద స్వాహిలే మాట్లాడతా, కాబట్టి కొంచెం వివరంగానే రాస్తున్నా, ఓపిగ్గా చదవండి.

సూటిగా చెప్పాలంటే ఇరవై మాటలు బట్టీ కొట్టొద్దు. నాలుగు పలకరింపులు, వాటి నాలుగు జవాబులు జంటలుగా నేర్చుకోండి. ఎవరైనా షికమో అని పలకరిస్తే మీ జవాబు మరహబా. హబరి అంటే మీరు న్జూరి అనాలి. మంబో అంటే పోఅ. హోడి అంటే కరీబు. వీటికి తోడు పొలె, నఓంబ, థాంక్యూకి అసాంతె అనే మూడు మాటలు. మొదటి నెల ఇవి చాలు. ఇంకోటి, ఎవరితో ఏ పని ఉన్నా సరే, గేటు దగ్గర వాచ్‌మన్ అయినా, బ్యాంకు మేనేజర్ అయినా, పలకరింపు పూర్తయ్యాకే పని మాట ఎత్తండి. ఈ ఒక్కటి పట్టుకుంటే మీ గ్రామర్ ఎంత తప్పుగా ఉన్నా ఇక్కడివాళ్ళు మిమ్మల్ని నెత్తిన పెట్టుకుంటారు, ఇది వదిలేస్తే ఎంత మంచి స్వాహిలి మాట్లాడినా అదబు లేని మనిషి అంటారు. అదబు అంటే మర్యాద, మన హైదరాబాద్ ఆదాబ్ పుట్టిన అరబ్బీ మాటే.

ముందు ఒక చిన్న సవరణ. ఆఫ్రికన్ లాంగ్వేజ్ అని ఒకటి లేదు. ఒక్క టాంజానియాలోనే 120కి పైగా జాతులు, ఎవరి భాష వాళ్ళకుంది. ఇక్కడ అందర్నీ కలిపేది స్వాహిలి. టాంజానియా మొదటి ప్రెసిడెంట్ జూలియస్ న్యెరెరే టైంలో దీన్నే జాతీయ భాషగా పట్టుబట్టి నిలబెట్టారు, గవర్నమెంట్ ప్రైమరీ స్కూళ్ళలో చదువంతా స్వాహిలిలోనే, సెకండరీకి వెళ్ళాక ఇంగ్లీషు మీడియం అవుతుంది. అందుకే మీ ఆఫీసులో ఆడిటర్‌కి ఇంగ్లీషు బ్రహ్మాండంగా వస్తుంది, కానీ మీకు రోజూ పని పడే గోడౌన్ మనిషి, డ్రైవరు, టీ పోసే అమ్మ, మార్కెట్లో బిల్లు కట్టాల్సిన షాపాయన, వీళ్ళెవరితోనూ ఇంగ్లీషుతో నడవదు. యునెస్కో 2021లో జులై 7ని ప్రపంచ స్వాహిలి దినంగా ప్రకటించింది, ఆ రోజు ఇక్కడ ఎంత గర్వంగా చేసుకుంటారో వచ్చాక మీరే చూస్తారు.

ఇప్పుడు పలకరింపు అసలు ఎలా నడుస్తుందో చెప్తా. మా కౌంటర్ దగ్గరికి ఒక ముసలామె ప్రిస్క్రిప్షన్ పట్టుకుని వచ్చిందనుకోండి. నేను చీటీకి చెయ్యి చాపను. ముందు "షికమో బీబి" అంటా, బీబి అంటే నాయనమ్మ, అమ్మమ్మ. ఆమె "మరహబా మ్వనంగు, హుజంబో?" అంటుంది, అంటే నీ దణ్ణం అందింది బిడ్డా, బాగున్నావా అని. నేను "సిజంబో బీబి, హబరి జ న్యుంబాని?" అంటా, ఇంట్లో అందరూ ఎలా ఉన్నారు అని. "సలామ తు", అంతా క్షేమం. "పొలె న ఫొలెని", అంటే ట్రాఫిక్‌లో పడి వచ్చారు పాపం అని. "అసాంతె, నిమెషపోఅ", నీ పలకరింపుతో తేలికైంది అని. అప్పుడు ఆమే చీటీ కౌంటర్ మీద పెడుతుంది. ఇదంతా చదవడానికి పొడుగ్గా ఉంది కానీ నోటితో అంటే అర నిమిషం కూడా పట్టదు, ఎందుకంటే ఎవరూ ఆగి ఆలోచించరు, ఒకరి మాట పూర్తి కాకముందే రెండోవాళ్ళ జవాబు మొదలైపోతుంది. వెనక లైన్లో నలుగురున్నా ఎవరూ విసుక్కోరు, వాళ్ళ వంతు వచ్చినప్పుడు వాళ్ళకీ ఇదే కావాలి మరి.

అందుకే జవాబులు నేర్చుకోండి అంటున్నా. మీరు కొత్తవాళ్ళు, ముందు పలకరించేది ఎక్కువసార్లు అవతలివాళ్ళే. వాళ్ళు ఒకటి అనగానే మీ నోట్లోంచి టక్కున సరైన జవాబు పడాలి. మనవాళ్ళు ఎక్కువమంది ఇక్కడే ఆగిపోతారు, పది పలకరింపులు నేర్చుకుని వస్తారు, అవతలివాళ్ళు తిరిగి ఏదో అనేసరికి నవ్వి ఊరుకుంటారు.

షికమో గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే టాంజానియాలో దీనికున్న బరువు ఇంక దేనికీ లేదు. పెద్దవాళ్ళకి మాత్రమే చెప్పేది. మీ కాళ్ళు పట్టుకుంటున్నా అనే మాట నుంచి వచ్చిందంటారు, పాదాభివందనం చెప్పే మనకి ఇది విడమరిచి చెప్పక్కర్లేదు. మీ అమ్మానాన్నల వయసువాళ్ళకి కచ్చితంగా చెప్పండి, మీకంటే స్పష్టంగా పెద్దగా కనపడే ఎవరికైనా చెప్పండి. ఇక్కడ హోదా కాదు లెక్క, వయసు. మీ ఆఫీసు ఊడ్చే ముసలాయనకి మీరే చెప్పాలి, ఆయన మీకు చెప్పడు. నలుగురు పెద్దలు కలిసి కూర్చుని ఉంటే షికమోని అనండి, అందరికీ కలిపి అయిపోతుంది.

డౌట్ వచ్చినప్పుడు? చెప్పేయడమే మంచిది అని నా అభిప్రాయం. మీ వయసుకి దగ్గరివాళ్ళయితే నవ్వేసి, అయ్యో నేనంత పెద్దదాన్ని కాదు అని మంబో అంటారు, అక్కడితో అయిపోతుంది. చెప్పాల్సిన చోట చెప్పకపోతే మాత్రం మొహం మీద ఎవరూ ఏమీ అనరు కానీ గుర్తుపెట్టుకుంటారు. ఇక రెండో వైపు చూడండి, పక్కింటి పిల్లలు, ఆఫీసులో చేరిన కుర్ర ట్రైనీలు మీకే షికమో చెప్తారు. అప్పుడు హలో అనో, తిరిగి షికమో అనో అనకూడదు. మరహబా అనాలి. వీధిలో ఒక మూడేళ్ళ పిల్ల మీ ముందు ఆగి చిన్న గొంతుతో "షికమో" అంటే, ఫోన్‌లో ఉన్నా సరే, ఒక్క క్షణం ఆగి మరహబా చెప్పి వెళ్ళండి. ఆ పిల్లకి వాళ్ళమ్మ ఇంట్లో నేర్పి పంపించింది, జవాబు రాకపోతే అలాగే నిలబడి మీ మొహంలోకి చూస్తూ ఉంటుంది.

షికమో, మరహబా అయిపోతే పలకరింపు అయిపోయినట్టు కాదు, అది తలుపు తీయడం వరకే. తర్వాత హబరి రావాలి.

హబరి అంటే కబురు, మన ఖబర్ మాటే. దీన్ని దేనికైనా తగిలించొచ్చు. హబరి జ అసుబుహి అంటే పొద్దున పలకరింపు, జ మ్చాన మధ్యాహ్నం, జ జియోని సాయంత్రం, జ కజి పని ఎలా ఉంది, జ సఫారి ప్రయాణం ఎలా అయింది, జ వతోతొ పిల్లలెలా ఉన్నారు, జ సికు న్యింగి చాలా రోజులైంది కనపడి. జవాబు అన్నిటికీ దాదాపు ఒకటే, న్జూరి, అంటే బాగుంది. లేదా న్జెమ, సలామ, సఫి, ఏదైనా పర్లేదు. చాలామంది హబరి మింగేసి ఉత్త "జ అసుబుహి?" అనే అంటారు, కంగారు పడకండి, న్జూరి చాలు.

ఇక్కడ కొత్తవాళ్ళు తెలుసుకోవాల్సింది ఒకటుంది. జవాబు ముందు మంచిదే రావాలి, కష్టం తర్వాత చెప్పాలి. జ్వరంతో ఒళ్ళు కాలిపోతూ షాపుకి వచ్చిన మనిషి కూడా హబరి అనగానే న్జూరి అనే అంటాడు, ఆ తర్వాతే "లకీని..." అని మొదలుపెడతాడు, లకీని అంటే కానీ. మా షాపులో కొత్తగా చేరే ఫార్మసిస్టులకి నేను మొదట చెప్పేది ఇదే, న్జూరి విని బాగానే ఉన్నాడనుకోవద్దు, లకీని కోసం ఆగండి. మీ ఆఫీసులో కూడా అంతే. గోడౌన్ ఇన్‌ఛార్జికి ఫోన్ చేసి హబరి జ కజి అంటే న్జూరి అంటాడు, మీరు సరే అని పెట్టేస్తే కంటైనర్ పోర్టులో ఆగిపోయిన సంగతి మీకు సాయంత్రం దాకా తెలీదు. ఇంకో రెండు మాటలు ఆడించండి, అదే బయటికొస్తుంది. ఆయన దాచట్లేదు, చెప్పే పద్ధతి అది.

మంబో, పోఅ సంగతి తేలిక. ఇది కుర్రాళ్ళ పలకరింపు, సమవయస్కులది. మంబో అన్నా, మంబో విపి అన్నా, విపి అన్నా పోఅ అనండి, సఫి అన్నా సరే. బోడబోడ, అంటే బైక్ టాక్సీ, నడిపే అబ్బాయితో, ఆఫీసులో మీ ఈడువాళ్ళతో వాడుకోండి. మామగారి వయసు మనిషితో మంబో అనకండి. మీకు ఆల్రెడీ తెలిసిన జంబో, హకున మతాత రెండూ టూరిస్టులతో వాడే మాటలు. ఇక్కడివాళ్ళు ఒకరితో ఒకరు హుజంబో, సిజంబో అంటారు, ఇబ్బంది లేదు అనడానికి హమ్న షిద అంటారు. ఎవరైనా మిమ్మల్ని జంబో అని పలకరిస్తే కొత్తమొహం అనుకున్నారని అర్థం, మీరు నింపాదిగా "సిజంబో, హబరి జ లెఒ?" అనండి, వాళ్ళ మొహంలో మార్పు మీకే కనపడుతుంది.

పొలె. ఈ మాట నాకు చాలా ఇష్టం. అవతలి మనిషికి ఏ కష్టం వచ్చినా, చిన్నదైనా పెద్దదైనా, మీకు దానితో సంబంధం ఉన్నా లేకపోయినా, పొలె అనాలి. ఎవరైనా రాయి తట్టుకుని తూలితే పొలె. బరువు మోస్తూ ఎదురొస్తే పొలె. పనిలో మునిగి ఉంటే పొలె న కజి. ఊరి నుంచి వస్తే పొలె న సఫారి. జబ్బు పడితే పొలె సాన, వెళ్ళేటప్పుడు ఉగువ పొలె, అంటే త్వరగా నయం కావాలి అని. జవాబు అసాంతె, లేదా నిమెషపోఅ. మా దగ్గరికి వచ్చే పేషెంట్లకి మందు ఎలా వేసుకోవాలో చెప్పడానికంటే ముందు చెప్పేది పొలె. ఆ మాట అనకుండా మందు చేతికిస్తే ఏదో తక్కువైనట్టు చూస్తారు, నిజంగానే తక్కువైనట్టే.

అయితే జాగ్రత్త, పొలె క్షమాపణ కాదు. మీరు ఎవరి కాలైనా తొక్కితే సమహాని అనాలి, ఆ తర్వాత పొలె కూడా అనొచ్చు, దెబ్బ తగిలింది కదా. మీ తప్పు ఉన్న చోట ఉత్త పొలె అంటే, పాపం నీకు అలా అయ్యిందా అని మీరు పక్కన నిలబడి జాలిపడినట్టు ఉంటుంది.

చావు ఇంటి విషయం కూడా ఇక్కడే చెప్తా, ఎందుకంటే మీ స్టాఫ్‌లో ఎవరింట్లోనో ఏదో ఒక రోజు జరుగుతుంది, మీరు వెళ్ళాల్సి వస్తుంది. మా షాపులో పనిచేసే అబ్బాయి తల్లి పోయినప్పుడు మ్బగాల అనే పేటలో వాళ్ళింటికి వెళ్ళా. బయట టార్పాలిన్ కింద మగవాళ్ళు కుర్చీల్లో, లోపల ఆడవాళ్ళు చాపల మీద, నడుముకి కాంగాలు, అంటే ఇక్కడి రంగుల గుడ్డలు, చుట్టుకుని. వాకిట్లోనే పొలెని అన్నా, అందరికీ కలిపి చెప్పే పొలె అది. లోపలికి వెళ్ళి చేతులు కలిపి ఒక్కొక్కరికీ మళ్ళీ పొలె, పొలె సాన. వాళ్ళు తుమెషపోఅ అన్నారు, మేం కాస్త తేరుకున్నాం అని. ఇంక మాటలేం లేవు, చెప్పులు విడిచి చాప మీద కూర్చున్నా. ఎలా పోయింది, ఏ జబ్బు అని మన దగ్గరలా గుచ్చి అడగనక్కర్లేదు. వచ్చేముందు రంబిరంబి ఇవ్వాలి, అంటే ఆ ఇంటి ఖర్చుకి సాయంగా ఇచ్చే డబ్బు, ఎవరో ఒకరు నోట్‌బుక్‌లో పేరు రాసుకుంటారు. ఆఫీసులో అందరూ కలిపి వసూలు చేస్తుంటే మీరూ వేయండి, కానీ వీలైతే మనిషిగా వెళ్ళండి. ఆ అబ్బాయి ఇప్పటికీ మా షాపులోనే ఉన్నాడు, వాళ్ళ పిన్నులు, మేనమామలు దారిలో నేను కనపడితే ఆగి పలకరిస్తారు.

తర్వాత నఓంబ. అడుగుతున్నా, వేడుకుంటున్నా అని. ఏది కావాలన్నా దీంతో మొదలుపెట్టండి. నఓంబ మాజి, నీళ్ళు కావాలి. నఓంబ రిసిటి, రసీదు కావాలి. దయచేసి అనడానికి తఫదాలి అని పుస్తకాల్లో ఉంటుంది, తప్పు కాదు, కానీ నఓంబ ఉంటే తఫదాలి పనిలేదు. నిపె అంటే ఇవ్వు, నతాక అంటే నాకు కావాలి. యాప్‌లలో మొదటి పాఠమే నతాక నేర్పిస్తారు, దాంతో మన వాళ్ళు హోటల్లో కూర్చుని నతాక చై అంటారు. చై వస్తుంది, దాంతోపాటు ఒక చూపు కూడా వస్తుంది. కెన్యాలో ఇలా అడగడం మామూలే, నైరోబి నుంచి వచ్చిన వాళ్ళ స్వాహిలి మోటుగా ఉందని టాంజానియన్లు అంటుంటారు, మీరు టాంజానియా పద్ధతే పట్టుకోండి, రెండు చోట్లా చెల్లుతుంది.

ఇది ఎందుకు నొక్కి చెప్తున్నానంటే, మన ఇండియన్ల మీద ఇక్కడ ఒక మాట ఉంది, సలాము లేకుండా ఆర్డర్లు వేస్తారని. వహిందీలు అంటే ఇండియన్లు, తరాలుగా ఉన్న గుజరాతీ కుటుంబాలు చాలా ఉన్నాయి, వాళ్ళలో ఎంత మర్యాదగా మాట్లాడేవాళ్ళని చూశానో చెప్పలేను. కానీ ఇండియా నుంచి కొత్తగా మేనేజర్లుగా దిగి, ఆఫీసులోకి వస్తూనే "ఫైల్ ఎక్కడ" అనేవాళ్ళనీ చూశా. వాళ్ళ మనసులో చెడు ఏమీ లేదు, మన ఆఫీసుల్లో అలాగే నడుస్తుంది. ఇక్కడ మాత్రం అది మనిషిని మనిషిగా చూడకపోవడం కింద లెక్క. పొద్దున రాగానే సీటు దగ్గరికి వెళ్ళేముందు ఒక్కొక్కరి దగ్గరా ఆగి జ అసుబుహి అనండి, చెయ్యి కలపండి. మీ కింద పనిచేసేవాళ్ళు మీ ఫైలు మీరడక్కముందే తెచ్చిపెడతారు.

హోడి, కరీబు. ఎవరింటికైనా, ఎవరి క్యాబిన్‌కైనా వెళ్తే తలుపు తెరిచి ఉన్నా సరే బయట నిలబడి హోడి అనాలి. లోపల్నుంచి కరీబు అని వినపడేదాకా అడుగు పెట్టకూడదు, రాకపోతే ఇంకోసారి హోడి, అప్పటికీ రాకపోతే వెనక్కి వచ్చేయడమే. ఎవరైనా తింటూ కనపడితే మిమ్మల్ని చూసి కరీబు అంటారు, భోజనం చేద్దాం రండి అని మనం అన్నట్టే. కూర్చోవాలని లేకపోతే "అసాంతె, నిమెషిబ" అనండి, కడుపు నిండింది అని. మీరు ఆఫీసులో టిఫిన్ బాక్సు తెరిచినప్పుడు కరీబు అనడం మర్చిపోకండి.

పిలుపులు. పేరు పెట్టి పిలవడం తక్కువ. నన్ను ఈ వీధిలో అందరూ మామ సింధు అంటారు, మా పెద్దమ్మాయి పేరు మీద. ఇక్కడ మామ అంటే అమ్మ. మీ ఈడు ఆడవాళ్ళని దాద, మగవాళ్ళని కాక అనండి, అక్క, అన్న అన్నట్టు. పెద్ద వయసు మగవాళ్ళు మ్జె, ఆడవాళ్ళు మామ. మిమ్మల్ని ఎవరైనా దూరం నుంచి పిలిస్తే ఏంటి అనకండి, మగవాళ్ళు నామ్ అని, ఆడవాళ్ళు అబె అని పలుకుతారు.

ఉచ్చారణ విషయంలో తెలుగువాళ్ళకి నిజంగానే ఒక లాభం ఉంది. స్వాహిలిలో మాటలు అచ్చుతోనే అయిపోతాయి, మన అజంత భాషలాగే. మనం బ్యాంకుకి, బస్సుకి, కార్డుకి చివర ఉకారం పెట్టుకున్నట్టు వాళ్ళు బెంకి, బసి, కాడి అని ఇకారం పెట్టుకున్నారు. మాటలో చివరి నుంచి రెండో అక్షరం మీద ఒత్తిడి పడుతుంది, కరీబు, అసాంతె, మరహాబ, ఇది పట్టుకుంటే సగం యాస వచ్చేసినట్టే. కష్టపడాల్సింది మాట మొదట్లో వచ్చే మ్, న్ దగ్గర, మ్తోతొ, మ్బిలి, న్జూరి. మనం ముందు ఒక అచ్చు తగిలించి ఎంతోతొ, ఇన్జూరి అంటాం. పెదాలు మూసుకుని మ్ అని ఒక చిన్న మూలుగు, ఆ వెంటనే మాట, అంతే.

మనకి తెలిసిన మాటలు కూడా బోలెడు కలుస్తాయి. పైసా నుంచి పెస, దుకాణం నుంచి దుక, ఇన్సూరెన్స్‌కి బీమ, బండికి గారి, ఆటోకి ఏకంగా బజాజి. మా షాపు దుక ల దవ, వరంగల్ సైడు దవాఖాన అంటూ పెరిగినదాన్ని, బోర్డు చూడగానే అర్థమైపోయింది. అకౌంట్స్ మనిషి కాబట్టి మీకు పనికొచ్చేది ఇంకోటి, లక్షని ఇక్కడా లాకి అంటారు, లాకి మోజ అంటే లక్ష షిల్లింగులు. పది లక్షలు మాత్రం మిలియోని, కోటి అనే మాట లేదు, అక్కడ జాగ్రత్త.

టైం దగ్గర మాత్రం ఒళ్ళు దగ్గర పెట్టుకోండి. స్వాహిలి గంటలు పొద్దు పొడుపు నుంచి లెక్క. భూమధ్యరేఖకి దగ్గర కాబట్టి ఏడాది పొడుగునా సూర్యుడు దాదాపు ఆరింటికే వస్తాడు, దాని తర్వాతి గంట సా మోజ, అంటే ఒకటో గంట, మన ఏడు. సా మ్బిలి అంటే మన ఎనిమిది, సా సిత మ్చాన అంటే పన్నెండు. ఆరు గంటల తేడా, గడియారంలో గంటల ముల్లు చూపించే అంకెకి సరిగ్గా అవతలి వైపున్న అంకె చదివితే సరిపోతుంది. రోజుకి మూడుసార్లు వేసుకునే మందుకి కుత్వ మర తతు అని చెప్తాం, దాంతో ఇబ్బంది లేదు. పన్నెండు గంటలకోసారి వేసుకునే యాంటీబయాటిక్‌కి మాత్రం గంటలు చెప్పాలి, సా మ్బిలి అసుబుహి, సా మ్బిలి ఉసికు అని, ఉసికు అంటే రాత్రి. ఇండియా నుంచి కొత్తగా వచ్చినవాళ్ళు ఎనిమిది అనుకుని సా ననె అనేస్తే పేషెంటు మధ్యాహ్నం రెండింటికి మింగుతాడు. మీ విషయంలో మీటింగో, బ్యాంకు అపాయింట్‌మెంటో పోతుంది. ఎవరైనా టైం చెప్తే అసుబుహా, మ్చానా, ఉసికా అని అడిగి, వేళ్ళతో గడియారం చూపించి ఖాయం చేసుకోండి, ఎవరూ తప్పుగా అనుకోరు.

బేరం ఆడేటప్పుడు కూడా ముందు పలకరింపే. హబరి జ బియషర, వ్యాపారం ఎలా ఉంది అని అడిగి, తర్వాత బెఇ గాని, ధర ఎంత, తర్వాత నిపుంగుజియె కిడోగొ, నాకోసం కొంచెం తగ్గించండి. అర్థం కాకపోతే "సిఎలెవి, నఓంబ ఉసెమె పొలెపొలె", నెమ్మదిగా చెప్పమని. ఈ ఒక్క వాక్యం కాగితం మీద రాసుకుని జేబులో పెట్టుకున్నా నష్టం లేదు. పెళ్ళయిందా అని అందరూ అడుగుతారు, కాకపోతే ఉత్త లేదు అనే హపాన అనకండి, బాడొ అనండి, ఇంకా లేదు అని. పిల్లలున్నారా అన్నా అంతే.

కంపెనీ మిమ్మల్ని వేరే ఊరికో దేశానికో మారిస్తే పలకరింపులు మారతాయి. జాంజిబార్‌లో అస్సలాము అలైకుం ఎక్కువ. మ్వాంజ వైపు సుకుమ వాళ్ళ మధ్య పొద్దున మ్వంగలుక అంటే సంబరపడిపోతారు. నైరోబి కుర్రాళ్ళు సాస అంటారు, జవాబు పోఅ, షికమో అక్కడ తక్కువ. ఉగాండాలో లుగాండ భాషలో పని చేస్తున్న మనిషిని గ్యెబాలె అని పలకరిస్తారు, మంచి పని చేస్తున్నావు అని. ఇథియోపియాలో అమ్హారిక్‌లో బాగున్నావా అనడం కూడా మగవాళ్ళకి దెహ్న నెహ్, ఆడవాళ్ళకి దెహ్న నెష్. జింబాబ్వేలో షోన వాళ్ళని పొద్దున బాగా నిద్ర పట్టిందా అని అడిగితే "మీకు పట్టి ఉంటే నాకూ పట్టినట్టే" అంటారు, న్దరార కాన మరారవొ అని, నాకు తెలిసిన జవాబుల్లో ఇంత అందమైనది ఇంకోటి లేదు. భాష ఏదైనా, పని కంటే ముందు మనిషి అనేది నేను కలిసిన ప్రతి ఊరివాళ్ళలోనూ చూశా.

వచ్చేలోపు ఏం చేయాలంటే, ఇంట్లో ఎవరినైనా ఎదురుగా కూర్చోబెట్టుకుని జంటలు గట్టిగా అనుకోండి, వాళ్ళు హబరి, మీరు న్జూరి, తర్వాత తిప్పి. కాగితం మీద చదివితే నోరు తిరగదు. బీబీసీ స్వాహిలి సర్వీసు 1957 నుంచి నడుస్తోంది, రోజూ కాసేపు వినండి, అర్థం కాకపోయినా పర్లేదు, చెవికి ఆ లయ పడుతుంది. అంకెలు పది దాకా, ఆపైన మియ అంటే వంద, ఎల్ఫు అంటే వెయ్యి, లాకి, ఇవి మాత్రం బట్టీ పట్టాల్సిందే.

ఇక సెలవు తీసుకోవడం. క్వహెరి పుస్తకాల మాట, వాడొచ్చు కానీ రోజూ వెళ్ళొచ్చేచోట కొంచెం శాశ్వతంగా వెళ్ళిపోతున్నట్టు ఉంటుంది. తుతఓనాన, మళ్ళీ కలుద్దాం, లేదా బాదాయె, తర్వాత కలుద్దాం, లేదా కెషొ, రేపు. రాత్రయితే లాల సలామ. పనిలో ఉన్నవాళ్ళని వదిలి వెళ్తుంటే కజి న్జెమ. పెద్దవాళ్ళ ఇంటినుంచి మాత్రం చటుక్కున లేచి రాకండి, "నఓంబ కువాగ" అని సెలవు అడగండి, వాళ్ళు గేటు దాకా, ఒక్కోసారి బస్టాండు దాకా తోడు వస్తారు, వద్దనకండి. కుసిందికిజ అంటారు దాన్ని, సాగనంపడం. దారిలో ఆ నాలుగు అడుగుల్లోనే అసలు మాటలన్నీ మాట్లాడతారు.